ఆంప్లిఫయర్‌లో ‘గుయ్’ శబ్దం – కారణాలు, నివారణ

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, భౌతికశాస్త్రం

మన గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో పాటల సెట్టు ఉన్న ఇళ్లకు కొదువ లేదు. అలాగే పాట పెట్టకముందే ‘గుయ్’మని మోగే సెట్లకూ కొదువ లేదు. పాట పెద్దగా వస్తున్నంతసేపు ఆ శబ్దం తెలియదు. పాటకూ పాటకూ మధ్య, లేదా రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు సన్నగా పాట పెట్టుకొని నడుం వాల్చినప్పుడు మాత్రం చెవి పక్కన కందిరీగ తిరిగినట్టు ఉంటుంది. కొందరు ‘ఆ సెట్టు గుణమే అంత’ అని సరిపెట్టుకుంటారు. కొందరు మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి కండెన్సర్లన్నీ మార్పిస్తారు. ఇంకొందరు ప్లగ్గుకు ఉన్న మూడో పిన్ను విరగ్గొట్టి, శబ్దం పోయిందని సంతోషపడతారు. మొదటిది బద్ధకం, రెండవది దండగ ఖర్చు, మూడవది ప్రాణాలతో చెలగాటం.

ఈ శబ్దం ఎక్కడ పుడుతుందో, దాన్ని వరుసగా ఎట్లా వెతకాలో, వెతికేటప్పుడు ఆ మూడో పిన్ను జోలికి ఎందుకు పోకూడదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇంటర్మీడియెట్‌లో భౌతికశాస్త్రం చదివినవారికే కాదు, ఇంట్లో ఫ్యూజు కట్టడం తెలిసిన ప్రతి ఒక్కరికీ అర్థం కావాలని ప్రయత్నించాను.

శబ్దం పుట్టిల్లు

మన ఇళ్లకు వచ్చేది ఏ.సి. కరెంటు. సెకనుకు 50 సార్లు అది ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఈ 50 అనే అంకె ఎక్కడినుండి వచ్చింది? మనకు కూతవేటు దూరంలోనే సమాధానం ఉంది. రామగుండంలో ఎన్టీపీసీ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగింది. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ మొదలైంది. తర్వాతి కాలంలో 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తం 2600 మెగావాట్ల కేంద్రంగా పెరిగింది. బొగ్గు మండి, నీరు ఆవిరై, ఆ ఆవిరి టర్బైనును తిప్పితే దానికి బిగించిన జనరేటర్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. నిమిషానికి 3000 అంటే సెకనుకు 50. ఆ లెక్కే తీగల వెంట మన గోడలోని ప్లగ్గు దాకా వస్తుంది.

2013 డిసెంబరు 31న రాయచూరు – షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసింది. అప్పటినుండి కాశ్మీరం నుండి కన్యాకుమారి దాకా గ్రిడ్డుకు కట్టిన జనరేటర్లన్నీ ఒకే తాళానికి తిరుగుతున్నాయి. అమెరికాలో ఈ అంకె 60. అందుకే అక్కడి ఆంప్లిఫయర్ గుయ్యిమంటే మనదానికంటే కాస్త సన్నటి శ్రుతిలో ఉంటుంది. కాబట్టి మీ స్పీకరులో వినపడేది ఏ దయ్యమో కాదు. పాటలోకి దొంగతనంగా దూరిన మన కరెంటే. అది ఏ దారిన దూరిందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

రెండు రకాల చప్పుడు

మందు వేయకముందు రోగం పేరు తెలియాలి గదా! అందుకు చెవి చాలు, మీటర్లు అక్కరలేదు.

మొదటి రకం లావుగా, మెత్తగా ‘భుం...’ అని ఉంటుంది. ఇది 50 సైకిళ్ల శబ్దం. సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం వల్ల గానీ, తెగిన షీల్డు తీగ వల్ల గానీ, ఎర్త్ రెండు దారులు పట్టడం వల్ల గానీ వస్తుంది. రెండవ రకం కొంచెం గరుకుగా ‘జుయ్...’ అని ఉంటుంది. ఇందులో 100 సైకిళ్లూ, దాని పై మెట్లు 200, 300 కూడా కలిసి ఉంటాయి. ఏ.సి.ని డి.సి.గా మార్చే డయోడ్ల దగ్గర ఊపుకు రెండు తట్లు వస్తాయి కాబట్టి 50 కాస్తా 100 అవుతుంది. ఇక ‘జర్‌ర్’ అని రంపం కోసినట్టు వినపడితే అనుమానం ఫ్యాను రెగ్యులేటర్ మీదికో, ఎల్.ఇ.డి. బల్బు మీదికో, ఫోను చార్జర్ మీదికో పోవాలి.

ఒక్కోసారి చప్పుడు స్పీకరులోంచి కాక సెట్టు పెట్టెలోంచే వస్తుంది. స్పీకరు తీగలు విప్పినా మోగుతుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ రేకుల చప్పుడు. అయస్కాంతీకరణ వల్ల ఇనుప రేకులు ప్రతి ఊపుకూ రెండుసార్లు సూక్ష్మంగా సాగి ముడుచుకుంటాయి. రేకులు వదులైతే అది చెవికి వినపడుతుంది. ప్లగ్గు తీసి బోల్టులు బిగించడం, కింద రబ్బరు వాషరు వేయడం దానికి మందు. సర్క్యూట్‌ను ముట్టుకోవలసిన పనే లేదు.

సగానికి సగం కోసే పద్ధతి

మా ఊళ్లో బోరు నీళ్లు పైపులైనులో ఎక్కడో పోతున్నాయంటే మా బాపు పైపంతా తవ్వడు. నడుమ ఉన్న గేటువాల్వు మూసి, నీళ్లు ఇవతల పోతున్నాయా అవతలనా అని చూస్తాడు. మిగిలిన సగంలో మళ్లీ సగం. మూడు నాలుగు సార్లలో పగిలిన చోటు దొరుకుతుంది. ఆంప్లిఫయర్‌కు కూడా ఇదే పద్ధతి. నడుమ ఉన్న గేటువాల్వు ఏదంటే వాల్యూమ్ కంట్రోల్.

వాల్యూమ్‌ను సున్నాకు తిప్పండి. శబ్దం అట్లాగే ఉంటే తప్పు వాల్యూమ్ కంట్రోల్ తర్వాతి భాగంలో ఉంది. అంటే పవర్ సప్లయ్, ఔట్‌పుట్ భాగం. వాల్యూమ్‌తో పాటు శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటే తప్పు అంతకుముందు భాగంలో ఉంది. అంటే లోపలికి వచ్చే తీగలు, ముందరి దశలు, లేదా సెట్టుకు తగిలించిన ఇతర పరికరాలు.

రెండో కోత ఇది. సెట్టు ఆపి, వెనకాల తగిలించిన తీగలన్నీ తీసేయండి. ఒక్క స్పీకర్లు మాత్రం ఉంచండి. ఇన్‌పుట్ సాకెట్‌లో నడిమి పిన్నునూ చుట్టూ ఉన్న రింగునూ కలిపిన ఖాళీ ప్లగ్గు పెట్టి మళ్లీ ఆన్ చేయండి. శబ్దం పోతే సెట్టు నిర్దోషి. బయటినుండి వచ్చే తీగల్లోనే దొంగ ఉన్నాడు. ఇక ఒక్కొక్క పరికరాన్నే తగిలిస్తూ రండి. ఏది పెట్టగానే శబ్దం మొదలైందో గుర్తించండి. ఈ రెండు కోతలకు పది నిమిషాలు చాలు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇవి చేయకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం, పరీక్షకు ప్రశ్న చదవకుండా జవాబు రాయడం లాంటిది.

వాల్యూమ్ సున్నా అయినా ఆగని శబ్దం

డయోడ్లు ఏ.సి.ని ఒక వైపుకు తిప్పుతాయి గానీ ఎగుడుదిగుడుగానే ఇస్తాయి. దాన్ని చదును చేసేది పెద్ద కండెన్సర్. పుస్తకాల్లో దీన్నే కెపాసిటర్ అంటాం. ఆగి ఆగి పోసే బోరు కింద తొట్టి కట్టినట్టు దీన్ని ఊహించుకోండి. తొట్టి పెద్దదైతే కాలువలో నీళ్లు ఒకే తీరుగా పారుతాయి. తొట్టి పూడిపోయి చిన్నదైతే బోరు పోసినప్పుడల్లా కాలువ పొంగుతుంది, ఆగినప్పుడల్లా ఎండుతుంది.

ఒక లెక్క వేద్దాం. రెండు తట్ల మధ్య కాలం సెకనులో వందో వంతు. అంతసేపూ సెట్టు 1 ఆంపియర్ లాగుతున్నదనుకుంటే, తగ్గే వోల్టేజి అంటే కరెంటును కాలంతో గుణించి కండెన్సర్ విలువతో భాగించాలి. 4700 మైక్రోఫారడ్ కండెన్సర్ అయితే సుమారు 2 వోల్టులు తగ్గుతుంది. అదే కండెన్సర్ ముసలిదై 1000 మైక్రోఫారడ్‌కు దిగజారితే 10 వోల్టులు తగ్గుతుంది. ఈ ఎగుడుదిగుడే స్పీకరులో ‘జుయ్’మంటుంది.

ఈ కండెన్సర్ల లోపల తడి రసాయనం ఉంటుంది. వేడికి అది ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో, బొగ్గు దుమ్ముతో గాలి రంధ్రాలు పూడిన పెట్టెలో దాని గతి ఏమిటో ఊహించుకోవచ్చు. పైభాగం ఉబ్బినా, అడుగున జిగురు కారినా మార్చవలసిందే. కొత్తది పాతదానికి సమానమైన లేదా ఎక్కువ వోల్టేజికి తట్టుకొనేది కావాలి. ప్లస్సు, మైనస్సు తారుమారైతే పేలుతుంది.

కండెన్సర్ బాగున్నా శబ్దం వస్తుంటే డయోడ్లు చూడాలి. ఒక డయోడ్ తెగిపోతే ఊపుకు రెండు తట్లకు బదులు ఒక్క తట్టే వస్తుంది. అప్పుడు శబ్దం 100 నుండి 50కి దిగి, ‘జుయ్’ కాస్తా లావుపాటి ‘భుం’ అవుతుంది. కండెన్సర్ మార్చినా పూర్తిగా తగ్గని సెట్లలో ఇదొక కారణం. నాలుగు డయోడ్లనూ మల్టీమీటర్‌తో చూడటం ఐదు నిమిషాల పని.

ఒక హెచ్చరిక. ప్లగ్గు తీసినంత మాత్రాన పెద్ద కండెన్సర్ ఖాళీ కాదు. దాని రెండు కొసల మధ్య రెసిస్టెన్స్ పెట్టి ఖాళీ చేసిన తర్వాతే చేయి పెట్టాలి. పాత వాల్వు సెట్లలో అక్కడ 250, 300 వోల్టులు కూడా ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరే లేని కొన్ని పాత రేడియోల్లో లోపలి ఇనుప చట్రానికే నేరుగా కరెంటు ఉంటుంది. అటువంటివి విద్యార్థుల ప్రయోగాలకు పనికిరావు.

వాల్యూమ్‌తో పెరిగే శబ్దం

సెట్టులోకి వచ్చే పాట సంకేతం చాలా చిన్నది. ఫోను నుండి వచ్చేది సుమారు 300 మిల్లీవోల్టులు. మైకు నుండి వచ్చేది రెండు మూడు మిల్లీవోల్టులే. అంత చిన్నదాన్ని మోసే తీగ చుట్టూ అల్లిన షీల్డు, పంట చుట్టూ వేసిన కంచె లాంటిది. ప్లగ్గు దగ్గర వంగి వంగి ఆ అల్లిక తెగితే గదిలోని కరెంటు తీగల ప్రభావం నేరుగా లోపలికి దూరుతుంది. ముందుగా తీగ మార్చి చూడటం అందుకే.

ఇంట్లో కట్టుకున్న సెట్లకు మరో జబ్బు ఉంటుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుండి ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు, ఐ.సి.లు తెచ్చి పెట్టెలో బిగిస్తాం. చోటు కలిసివస్తుందని ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్‌పుట్ సాకెట్ పక్కనే పెడతాం. అది చుట్టూ విసిరే అయస్కాంత క్షేత్రం ఇన్‌పుట్ తీగలో కరెంటు పుట్టిస్తుంది. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది. ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరం జరపడం, ఒక పావు వంతు తిప్పి చూడటం, ఏ.సి. తీగలు రెంటినీ జడలా మెలివేయడం దీనికి మందు. తిప్పుతున్నకొద్దీ శబ్దం తగ్గే దిక్కు ఒకటి దొరుకుతుంది.

వాల్యూమ్ కడ్డీ మీద వేలు పెట్టగానే శబ్దం మారితే, ఆ కంట్రోల్ ఇనుప ఒంటికి ఎర్త్ తగలడం లేదని అర్థం. చిన్న తీగ ముక్క సోల్డర్ చేస్తే సరి. అయితే వేలు పెట్టేముందు టెస్టర్‌తో చూడటం మరవకూడదు.

ఫోను చార్జింగ్‌లో ఉన్నప్పుడే శబ్దం వస్తుంటే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం పోతే దోషం చార్జర్‌ది. రెండు పిన్నుల చార్జర్లలో కరెంటు వైపుకూ ఫోను వైపుకూ మధ్య ఒక చిన్న కండెన్సర్ ఉంటుంది. అందులోంచి ఆంపియర్‌లో పదివేలో వంతు మేరకు కరెంటు జారుతూ ఉంటుంది. లాప్‌టాప్ ఒంటిని తాకితే చీమ కుట్టినట్టు ఉండేది ఇందుకే. మంచి చార్జర్‌లో అది ప్రమాదం కాదు గానీ పాటకు మాత్రం చెరుపు. రంపపు చప్పుడైతే ఇంట్లో ఫ్యాను రెగ్యులేటర్లు, లైట్లు ఒక్కొక్కటే ఆపుతూ రండి. ఏది ఆపితే చప్పుడు ఆగిందో తెలిసిపోతుంది.

ఎర్త్‌కు రెండు దారులు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మా కాక బొగ్గుగనిలో పనిచేస్తాడు, గోదావరిఖనిలో క్వార్టరులో ఉంటాడు. ఇనుప పెట్టె ఉన్న ఆయన ఆంప్లిఫయర్ పాటల వరకు మంచిగానే ఉండేది. టీవీ సెట్‌టాప్ బాక్సుకు తగిలించగానే ‘భుం’ మొదలయ్యేది. తీగ మార్చినా పోలేదు. బాక్సు నుండి కేబుల్ టీవీ తీగ పీకితే పోయేది, పెడితే వచ్చేది.

దీన్నే ఎర్త్ లూపు అంటారు. ఆంప్లిఫయర్ మూడో పిన్ను ద్వారా ఇంటి ఎర్త్‌కు కలిసింది. కేబుల్ టీవీ తీగ పైఅల్లిక వీధిలో ఇంకెక్కడో ఎర్త్ అయింది. భూమి అంతా ఒకే మట్టం అని మనం అనుకుంటాం. మడికట్లు కట్టేవాడిని అడగండి, రెండు మళ్లు ఎప్పుడూ సమానంగా ఉండవు. నడుమ గట్టుకు గండి కొడితే అంగుళం తేడాకైనా నీళ్లు పారుతాయి. అట్లాగే రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న చిన్న వోల్టేజి తేడాకు పాట తీగ షీల్డులోంచి కరెంటు పారుతుంది. షీల్డు నిరోధం 0.1 ఓము, పారే కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే ఏర్పడే వోల్టేజి 1 మిల్లీవోల్టు. పాట 300 మిల్లీవోల్టులు. మూడు వందల్లో ఒక వంతే కదా అనిపించవచ్చు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెవికి అది చాలు.

కాక ఎవరికో చూపిస్తే, ఆయన ప్లగ్గుకున్న లావుపాటి పిన్ను విరగ్గొట్టాడు. శబ్దం మాయమైంది. నేను పోయినప్పుడు కాక సంబరంగా చూపించాడు.

“సూడు రా, రెండు నిమిషాల్ల మంచిగైంది.”

“కాకా, గనిల మిషన్‌కు ఎర్త్ తీసి నడుపుతరా?” అన్నాను.

“నడుపనిస్తరా? ఎర్త్ ఫాల్టయితే రిలేనే కొట్టేస్తది. మిషనే స్టార్ట్ గాదు.”

“మరి ఇంట్ల?”

కాక మాట్లాడలేదు. గనిలో యంత్రానికి పోయే ట్రెయిలింగ్ కేబుల్‌లో కరెంటు తీగలతో పాటు ఎర్త్ తీగ కూడా ఉంటుంది. ఎక్కడైనా కరెంటు లీకైతే రిలే సరఫరాను ఆపేస్తుంది. కాక దాన్ని రోజూ చూస్తాడు. ఆ ఎర్త్ విలువ తెలిసిన మనిషి ఇంటికి వచ్చి పాట కోసం దాన్ని వదులుకున్నాడు. ఆయన ఒక్కడే కాదు, మనలో చాలామంది పని ఇదే.

మూడో పిన్ను ఏం చేస్తుంది?

లెక్క చూడండి. సెట్టు లోపల ఫేజు తీగ పైపొర కరిగి ఇనుప పెట్టెకు తగిలిందనుకుందాం. ఎర్త్ ఉండి, ఆ ఎర్త్ దారి నిరోధం 10 ఓములైతే, 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు పారుతుంది. 5 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే ఎగిరిపోతుంది. పెట్టె చచ్చిపోతుంది, మనిషి బతుకుతాడు.

ఎర్త్ లేకపోతే? ఫ్యూజు ఎగరదు. పెట్టె 230 వోల్టులతో కూర్చుని ఉంటుంది. పాట కూడా వస్తూనే ఉండవచ్చు. తడి చేతులతో, వట్టి కాళ్లతో ముట్టిన మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, అతనిలోంచి 0.23 ఆంపియర్ పారుతుంది. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. మనిషి గుండెకు మాత్రం అందులో నాలుగో వంతు కూడా ఎక్కువే. ఇళ్లలో పెట్టే లీకేజీ బ్రేకర్లు 0.03 ఆంపియర్‌కే కరెంటు ఆపేలా తయారుచేసింది ఇందుకే.

కాక ఇంట్లో ఇంకో చిక్కు కూడా ఉంది. పిన్ను విరిగిన తర్వాత ఆ పెట్టెకు మిగిలిన ఒకే ఒక ఎర్త్ దారి, కేబుల్ టీవీ తీగ పైఅల్లిక. సెట్టులో తప్పు జరిగితే ఆ కరెంటు వెంట్రుకల్లాంటి తీగల గుండా పక్క క్వార్టర్ల టీవీల దాకా పాకవచ్చు. మన ఇంట్లో శబ్దం తగ్గించుకోవడానికి పక్కింటి పిల్లలను అపాయంలో పెట్టినట్టవుతుంది.

ఇది పుస్తకాల భయం కాదు. లెస్లీ హార్వే అనే స్కాట్లాండ్ గిటారు వాయిద్యకారుడు 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్‌సీ పట్టణంలో వేదిక మీదనే, గిటారు పట్టుకొని, ఎర్త్ సరిగా లేని మైకును ముట్టుకొని చనిపోయాడు. అప్పటికి అతని వయస్సు 27 సంవత్సరాలు. అంత దూరం ఎందుకు? మా ఊళ్లో ఒక వానాకాలం, బోరు మోటరు స్టార్టరు డబ్బా ఉన్న ఇనుప స్తంభానికి ఒళ్లు రాసుకున్న కాడెద్దు అక్కడే కూలిపోయింది. తర్వాత తవ్వి చూస్తే ఎర్త్ గుంతలో తీగ తుప్పుపట్టి తెగి ఉంది. ఎన్ని రోజులుగా అట్లా ఉందో ఎవరికీ తెలియదు. మోటరు మాత్రం అన్ని రోజులూ మంచిగానే నీళ్లు పోసింది. ఎద్దును కోల్పోయిన ఆ రైతుకు ఆ ఏడు దుక్కి ఎట్లా సాగిందో మా ఊరివాళ్లకు తెలుసు. ఎద్దు ముట్టకపోతే రేపు మనిషే ముట్టేవాడు.

మరి సరైన మందు ఏమిటి?

ఎర్త్ లూపుకు మందు ఎర్త్ తీయడం కాదు, రెండో దారిని మూయడం. అందుకు మూడు మార్గాలున్నాయి.

ఒకటి, పాటకు సంబంధించిన పరికరాలన్నిటినీ ఒకే బోర్డు మీది ప్లగ్గులకు తగిలించాలి. అప్పుడు ఎర్త్‌లన్నీ ఒకే చోట కలుస్తాయి, మట్టం తేడా ఉండదు. చాలా ఇళ్లలో ఇంతటితోనే శబ్దం తగ్గుతుంది.

రెండు, బయటినుండి వచ్చే తీగ వల్ల లూపు ఏర్పడితే, ఆ సంకేతం దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఇటు చుట్టకూ అటు చుట్టకూ తీగ సంబంధం ఉండదు. పాట అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, ఎర్త్ కరెంటు దాటలేదు. పాట తీగలకు అగ్గిపెట్టె అంత ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు దొరుకుతాయి. కేబుల్ టీవీ తీగకు వేరే ఐసొలేటర్లు ఉన్నాయి. కాక ఇంట్లో పాట తీగ మధ్య ఇటువంటిదే పెట్టి, కొత్త మూడు పిన్నుల ప్లగ్గు బిగించాం. ‘భుం’ పోయింది, ఎర్త్ నిలిచింది.

మూడు, తీగే లేకుండా బ్లూటూత్ ద్వారా పాట పంపడం. లూపుకు తావే లేదు.

వీటితో పాటు ఇంటి ఎర్త్ నిజంగా పనిచేస్తున్నదా అని చూడాలి. ప్లగ్గులో మూడు రంధ్రాలున్నంత మాత్రాన వెనకాల తీగ ఉందని నమ్మకం లేదు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెడితే పూర్తి వెలుగుతో వెలగాలి, మసకగా వెలిగితే ఎర్త్ చెడిపోయినట్టే. కానీ ఎర్త్ తెగి ఉన్న ఇంట్లో ఈ పరీక్ష చేస్తే ఆ కాసేపు మిగతా ఇనుప సామాన్లకు కూడా కరెంటు ఎక్కుతుంది. కాబట్టి దీన్ని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. బొగ్గు, ఉప్పు వేసిన పాత ఎర్త్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోయడం మరవవద్దు. మట్టి ఎండితే నిరోధం పెరుగుతుంది. ఫ్యూజులో సన్న తీగ బదులు లావు తీగ చుట్టడం కూడా ఎర్త్ తీసేసినంత పనే. పైన వేసిన లెక్కలో ఫ్యూజు ఎగిరితేనే మనిషి బతికాడు.

వరుసక్రమం – ఒక్క చూపులో

1. చప్పుడు పెట్టెలోంచా, స్పీకరులోంచా అని చూడండి.
2. వాల్యూమ్ సున్నా చేయండి. ఆగకపోతే పెద్ద కండెన్సర్లు, డయోడ్లు చూడండి.
3. ఆగితే తీగలన్నీ తీసి, ఒక్కొక్కటే పెట్టండి.
4. శబ్దం తెచ్చిన పరికరం తీగ మార్చండి. చార్జర్ తీసి చూడండి. ఫ్యాను, లైట్లు ఆపి చూడండి.
5. అన్నిటినీ ఒకే బోర్డు మీదికి తెండి. అప్పటికీ పోకపోతే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి.
6. ఏ మెట్టులోనూ మూడో పిన్నును ముట్టకండి.

మిత్రులారా! మనలో చాలామంది గని కార్మికుల పిల్లలం, రైతుల పిల్లలం. వినాయక చవితి పందిరికి, బతుకమ్మ ఆటకు, కాలేజీ వార్షికోత్సవానికి మైకు సెట్టు పెట్టాలంటే ముందుగా పిలిచేది సైన్సు చదివే మనల్నే. నేల వానకు తడిసి ఉంటుంది, చిన్న పిల్లలు వట్టి కాళ్లతో వచ్చి మైకు పట్టుకుంటారు. అప్పుడు మనం చూడవలసింది శబ్దం శుభ్రంగా ఉందా అని మాత్రమే కాదు. గుయ్‌మనే సెట్టు తనలో లోపం ఉందని అరిచి చెబుతుంది. ఎర్త్ తెగిన సెట్టు ఏమీ చెప్పదు, కమ్మగా పాడుతూనే ఉంటుంది. కాబట్టి ముందు ఎర్త్ చూడండి, తర్వాత చెవి పెట్టి వినండి.